గృహప్రవేశము – శ్రీనివాసుడు చూపిన త్రోవ

గృహస్థాశ్రమము తక్కిన మూడు ఆశ్రమములకును ఆధారము. బ్రహ్మచారికి భిక్ష, అతిథికి ఆదరము, సన్న్యాసికి అన్నము గృహస్థుని వాకిటనే లభింపవలెను. ఆ గృహస్థునకు నిలువనీడ కావలెను. "ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు" అని పెద్దలందురు. ఈ రెండు కార్యములయందును మనుష్యుని ధనమే కాదు, ధర్మము కూడ పరీక్షకు వచ్చును. లోకమునకు బుద్ధి చెప్పుటకు కాబోలు, ఏడుకొండలస్వామి ఈ రెండింటిని తానే చేసి చూపినాడు.

తిరుమల ఆదివరాహ క్షేత్రము. వైకుంఠము విడిచి వచ్చిన శ్రీనివాసుడు అచ్చట నివసింపగోరి, ముందుగా ఆ స్థలమునకు స్వామియైన వరాహమూర్తిని అడిగెనని వేంకటాచల మాహాత్మ్యము చెప్పుచున్నది. సర్వజగత్తునకు ప్రభువైనవాడు మరియొకరిని అడుగనేల? అయినను అడిగెను. వరాహస్వామి మూల్యము కోరగా, చేత ధనము లేని శ్రీనివాసుడు తన్ను సేవింపవచ్చు భక్తులు ముందు వరాహస్వామిని దర్శింతురనియు, ప్రథమ నైవేద్యము ఆయనకే జరుగుననియు మాట ఇచ్చెను. స్వామి పుష్కరిణీ తీరమున వరాహస్వామిని సేవించిన పిమ్మటనే ఆనందనిలయమునకు పోవు ఆచారము నేటికిని ఉన్నది. హక్కుగలవానిని అడుగుట, మూల్యమును దాపరికము లేక నిర్ణయించుకొనుట, ఇల్లు చేరిన తరువాత కూడ మాట నిలుపుట – ఈ మూడును ఇల్లు కొనువారికి స్వామి నేర్పిన పాఠములు.

మొదటిది హక్కుగలవానిని అడుగుట. అమ్మువాడు చెప్పిన మాట చాలదు. అతనికి ఆ ఆస్తి ఎట్లు సంక్రమించెనో తెలుపు లింకు దస్తావేజులు చూడవలెను. తాకట్టులు, పూర్వవిక్రయములు తెలియుటకు రిజిస్ట్రారు కార్యాలయమునుండి ఇ.సి. తీయించవలెను. అనుభవజ్ఞుడైన న్యాయవాదికి కాగితములు చూపి, ఆ తరువాతనే బయానా ఇయ్యవలెను. అపార్టుమెంటు కొనువారు 2016 నాటి రెరా చట్టము క్రింద ఆ నిర్మాణము నమోదైనదో లేదో విచారింపవలెను. చెరువు శిఖమునందో, వాగు పోరంబోకునందో వెలసిన స్థలము చౌకగా వచ్చినను కొనరాదు. నీటి చోటును మనము ఆక్రమించినచో, వానకాలమున నీరు మన ఇంటిని ఆక్రమించును.

పిత్రార్జితమైన ఇల్లు కొనునపుడు మరియొక జాగ్రత్త కలదు. ఆస్తిలో కుమార్తెలకును కుమారులతోపాటు హక్కు కల్పించుచు ఆంధ్రప్రదేశమున 1986లోను, దేశమంతటికి 2005లోను చట్టసవరణలు జరిగినవి. "ఆడపడుచులు ఏమియు అనుకొనరు" అని అన్నదమ్ములు చెప్పినంతమాత్రమున తృప్తిపడరాదు. వారికి భాగమున్నదో లేదో విచారించి, ఉన్నయెడల వారి సమ్మతిని సంతకరూపమున పొందవలెను. ఇది వ్యాజ్యభయముచేత మాత్రమే చేయవలసిన పని కాదు. ఆడపడుచు కంటతడితో వచ్చిన ఇంటిలో ఎన్ని హోమములు చేసినను శ్రీమహాలక్ష్మి నిలుచునా? ఆ తల్లియు ఒక ఇంటి ఆడపడుచే కదా!

రెండవది మూల్యము. దస్తావేజులో ఒక వెల వ్రాసి, చేతిక్రింద మరియొక వెల ఇచ్చుట లోకములో అలవాటైపోయినది. నలుగురు చేయుచున్నంతమాత్రమున అది ధర్మము కాజాలదు. ఇంటికి పునాదియైన పత్రముననే అసత్యము వ్రాసి, ఆ ఇంటనే సత్యనారాయణ వ్రతము చేసినచో, ఆ సత్యదేవుని ఏమని పిలువగలము? ఇచ్చిన వెలనే వ్రాయవలెను. దానికి తగిన స్టాంపు రుసుము చెల్లింపవలెను.

చాలినంత ధనము లేనివారు అప్పు చేయక తప్పదు. శ్రీనివాసుడును పద్మావతీ కల్యాణమునకై కుబేరునివద్ద ఋణము గ్రహించెను. అదియు రహస్యముగా కాదు. ఋణపత్రము వ్రాసి, బ్రహ్మరుద్రులను సాక్షులుగా నిలిపెను. ఆ వడ్డీ నేటికిని తీర్చుచున్నాడని భక్తుల విశ్వాసము. స్వామికి హుండీ కలదు. గృహస్థునకు నెలజీతము మాత్రమే కలదు. కావున పిల్లల చదువు, వైద్యము, ఇంటి ఖర్చు పోగా మిగులు దానితో తీరునంత అప్పే చేయవలెను. రిజిస్ట్రేషను ఖర్చులు, చిన్న మరమ్మతులు, సామాను తరలింపు – వీనికి కొంత సొమ్ము విడిగా ఉంచుకొనవలెను. అప్పులవానికి వెరచి వాకిలి మూసుకొను ఇంట అతిథిపూజ జరుగదు.

ఇంటి సొగసును చూచి మోసపోరాదు. వారణావతమున పురోచనుడు కట్టించిన ఇల్లు కన్నులపండువుగానే ఉండెను. కాని ధర్మరాజు నేతి వాసన, లక్క వాసన పసిగట్టి, విదురుని హెచ్చరికను తలచి మెలకువతో ఉండెను. మనమును వానకాలమున ఒకమారు, వేసవిలో ఒకమారు ఇల్లు చూచుట మేలు. కప్పు కారుచున్నదా, వేసవిలో నీరు నిలుచునా, మురుగు పోవు దారి ఉన్నదా, దస్తావేజులో వ్రాసిన బాట వాకిటివరకు వచ్చుచున్నదా అని అరయవలెను. రంగులు గోడల దోషములను కొన్ని నెలలే దాచగలవు.

ఇక ప్రవేశము. పంచవటిలో ఆశ్రమమునకు తగిన చోటు చూడుమని శ్రీరాముడు చెప్పగా, లక్ష్మణుడు తాను అన్నగారికి పరతంత్రుడననియు, చోటు ఆయనయే నిర్ణయింపవలెననియు విన్నవించెను. శ్రీవైష్ణవుని గృహప్రవేశమునకు ఇదియే మూలసూత్రము. ఇల్లు స్వామిది, తాను అందు కైంకర్యపరుడు. కావుననే పెరుమాళ్ళను ముందుగా వేంచేపు చేయుట, తరువాత యజమాని దంపతులు పూర్ణకుంభముతో లోనికి వచ్చుట, పాలు పొంగించి స్వామికి ఆరగింపు చేయుట సంప్రదాయమైనది. తలుపులు బిగింపని ఇల్లు, కప్పు పూర్తికాని ఇల్లు ప్రవేశార్హము కాదని పెద్దలు చెప్పుదురు. ముహూర్తము దగ్గరపడినదని సగము కట్టిన ఇంట చేరి కష్టపడుటకంటె మరియొక ముహూర్తమునకు వేచియుండుట మంచిది. కల్యాణానంతరము శ్రీనివాసుడే వెంటనే కొండ ఎక్కక, ఆరునెలలు అగస్త్యాశ్రమమున వేచియుండలేదా?

లక్ష్మణుడు పర్ణశాల కట్టి, గోదావరిలో స్నానమాడి, పుష్పబలి సమర్పించి, శాంతి జరిపిన పిమ్మటనే అన్నకు చూపెను. శ్రీరాముడు సంతసించి, కట్టినవానిని గాఢముగా కౌగిలించుకొనెను. ఇల్లు కట్టించినవారు ఈ ఘట్టమును మరువరాదు. మేస్త్రీకి, వడ్రంగికి, కూలీలకు బాకీలన్నియు ప్రవేశమునకు ముందే తీర్చి, ఆనాడు వారిని బంధువులతో సమానముగా కూర్చుండబెట్టి భోజనము పెట్టవలెను. వస్త్రములిచ్చి కూలి ఎగవేయుట దానము కాదు, దోషము. పందిరికి వెచ్చించు సొమ్ములో కొంత తగ్గించియైనను ఈ పని చేయవలెను.

మూడవది మాట నిలుపుట. ఇల్లు చేరుటతో కార్యము ముగియలేదు. అనుదినము తిరువారాధన, వచ్చినవారికి మంచినీరు, ఇరుగుపొరుగువారితో సఖ్యము, వృద్ధులైన తల్లిదండ్రులకు గాలి వెలుతురు గల గది – ఇవి స్వామికి మనము చెల్లింపవలసిన మూల్యములు. వరాహస్వామికి ఇచ్చిన మాటను శ్రీనివాసుడు యుగము మారినను మరువలేదు. ఆ స్వామి చిత్రపటమును గోడపై నిలుపుకొను గృహస్థుడు తానిచ్చిన మాటను మరువకుండుగాక! అట్టి గృహమున అలమేలుమంగాసమేతుడైన శ్రీవేంకటేశ్వరుడు స్థిరముగా వసించి, ఇంటిల్లిపాదిని కటాక్షించుగాక!