పాతది ఎవరికి? క్రొత్తది ఎవరికి?



ఒక వస్తువు పాతబడినదని ఎప్పుడు చెప్పవలెను? అది పనిచేయుట మానినప్పుడా, లేక మన కన్ను క్రొత్తదానిమీద పడినప్పుడా? ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. అయితే అది నా యింటనే నన్ను నిలదీసెను.

నేను పని విరమించిన బడిపంతులును. నా లాప్‌టాప్ కొని తొమ్మిది సంవత్సరములైనది. మీట నొక్కి, టీ త్రాగి వచ్చునప్పటికి గాని అది మేలుకొనదు. అందులోని విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో మామూలు సహాయమును ముగించెను. ప్రత్యేకముగా నమోదు చేసికొననివారికి భద్రతా సవరణలు ఇక రావు. విండోస్ 11 వేయుదమన్నను, దానికి తగిన ప్రాసెసరు నా యంత్రములో లేదు. "నాన్నగారూ, దీనిని వాడుట అపాయము, క్రొత్తది కొనుడు" అని నా కుమారుడు చెప్పగా సంతోషముతో కొంటిని.

పాతదానిని మా వీధిలో కంప్యూటరు చదువు చదువుచున్న ఒక బీద అమ్మాయికి ఇత్తుననుకొంటిని. అట్లనుకొనగానే క్రొత్తదానికైన ఖర్చు కూడ ధర్మకార్యమైనట్లు తోచెను! కాని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు అపాయకరమైనది ఆమెకు క్షేమకరమెట్లగును? నాకు పనికిరానిదానిని ఇచ్చి, దానికి దానమని పేరు పెట్టుట న్యాయమా?

పోనీ, పారవేయుదమా? 2022లో లోకమంతట 6 కోట్ల 20 లక్షల టన్నుల ఎలక్ట్రానిక్ చెత్త పుట్టెనని ఐక్యరాజ్యసమితి నివేదిక తెలుపుచున్నది. అందులో సక్రమముగా సేకరింపబడినట్లు లెక్కకు వచ్చినది నూటికి 22 పాళ్లు మాత్రమే. మిగిలినదానిలో కొంత బీదల చేతులలోనికి పోవును. రాగికొరకు వారు తీగలు కాల్చి, ఆ విషపు పొగ పీల్చుదురు. మనము పారవేసినది మనకు కనబడకపోవును గాని లేకపోదు.

కాబట్టి దానిని బాగుచేయించితిని. పాత హార్డు డిస్కు తీయించి ఎస్‌ఎస్‌డి వేయించితిని. ర్యామ్ 4 జీబీ నుండి 8 జీబీకి పెంచితిని. ఉచితముగా దొరకు లినక్స్ ఎక్కించితిని. నా ఉత్తరములు, బ్యాంకు లెక్కలు ఉన్న పాత డిస్కును నాయొద్దనే ఉంచుకొంటిని. డిలీట్ చేసినంతమాత్రమున అవి పూర్తిగా పోవని మెకానిక్కు హెచ్చరించెను. ఇచ్చుటకు ముందు ఒక నెల నేనే వాడి చూచితిని.

అప్పుడే అసలు చిక్కు వచ్చెను. నా ఉత్తరములు, లెక్కలు, దూరముననున్న మనుమలతో మాటలు, అన్నియు అందులో చక్కగా సాగెను. మరి క్రొత్తది నాకెందుకు? ఆ అమ్మాయి చదువునకు బలమైన యంత్రము కావలెను. నా పనికి అక్కరలేదు. జవాబు వెంటనే తెలిసెను. ఒప్పుకొనుటకు మూడు దినములు పట్టెను.

నాలుగవ దినమున క్రొత్తది ఆమె చేతికిచ్చితిని. "మాస్టారూ, నాకు పాతది చాలునండి" అనెను. "పాతది నాకు చాలునమ్మా" అంటిని.

సహోదర సహోదరీలారా, క్రొత్తది కొనుట తప్పు కాదు. అయితే కొనకముందే అడుగుకొందము: పాతది బాగుచేసిన చాలదా? దాని భారము రేపు ఎవరు మోయుదురు? ఇతరులకిచ్చునది మనము వాడదగినదేనా? నేను ఈ ప్రశ్నలను కొనిన తరువాత అడుగుకొంటిని. మీరు ముందే అడుగుకొందురు గాక.