తోటకును తమ్మునికిని కావలి

ధ్యానభాగము: ఆదికాండము 2:15, 4:1–12

ఖరగ్‌పూర్‌లో ప్రేమ్ బజార్‌కు చేరువనున్న ఐఐటి ప్రాంగణములో పాత హిజ్లీ నిర్బంధ శిబిరపు కట్టడము నేటికిని నిలిచియున్నది. 1931 సెప్టెంబరు 16న అచ్చట నిరాయుధులైన నిర్బంధితులపై పోలీసులు కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను ఇద్దరు మరణించిరి. 1951లో ఆ కట్టడములోనే ఆ విద్యాసంస్థ ప్రారంభమాయెను. రక్తము చిందిన నేల తిరిగి జీవమునకు అప్పగింపబడగలదని ఆ స్థలము సాక్ష్యమిచ్చుచున్నది.

దేవుడు ఆదామును తోటలో ఉంచి, దానిని సేద్యపరచి కాచు పని అప్పగించెను. తరువాత కయీను, తమ్ముడెక్కడని దేవుడు అడిగినప్పుడు, తమ్మునికి కావలియుండుట తన పనియా యని ఎదురు ప్రశ్న వేసెను. హెబ్రీ మూలములో ఈ రెండు చోట్లను ఉన్న ధాతువు ఒక్కటే: షామర్. తెలుగులోని 'కాచు', 'కావలి' అను మాటలకును ఆ బంధుత్వమే కలదు. తోటను కాచుటయు తోబుట్టువును కాచుటయు వేరు పనులు కావు. అందుచేతనే తమ్ముని రక్తము త్రాగిన నేల కయీనునకు తన సారము నియ్యనొల్లదాయెను.

నేటి లోకమునకు ఈ కథ దూరము కాదు. 1945 ఆగస్టు 6న హిరోషిమాపై అణుబాంబు పడెను. 2025 ఆరంభమున తొమ్మిది దేశముల యొద్ద 12,000కు పైగా అణ్వాయుధములుండెను. పోఖ్రాన్‌లో 1974లోను 1998లోను పరీక్షలు జరిపిన భారతదేశమును వాటిలో ఒకటి. ఇటు గాలిలో 1958లో పది లక్షల పాళ్లకు సుమారు 315 పాళ్లున్న బొగ్గుపులుసు వాయువు 2024 నాటికి 420 దాటెను. 2020 మే 20న వంగతీరమును తాకిన అంఫాన్ తుపాను భారతదేశమని బంగ్లాదేశమని భేదము చూపలేదు.

ఈ రెండు అపాయములును ఒకదానినొకటి పెంచును. అణుయుద్ధములో కాలిపోవు పట్టణముల మసి సూర్యకాంతిని అడ్డగించి పైరులను చంపునని 1983లో శాస్త్రజ్ఞులు హెచ్చరించిరి. ఆ యేడే వాంకూవర్‌లో కూడిన ప్రపంచ సంఘముల మండలి సభ న్యాయము, శాంతి, సృష్టి సమగ్రత అను మూటిని ఒక్కటిగా చేపట్టుమని సంఘములను పిలిచెను. తమ్మునిపై వేసిన బాంబు తోటను కాల్చును. తోట ఎండినయెడల నీటికొరకును ధాన్యము కొరకును అన్నదమ్ములు ఆయుధములు పట్టుదురు.

లోకము ఎట్లును అంతమగును గదా, దీనితో విశ్వాసికేమి పని యని కొందరందురు. యజమానుడు వచ్చునన్న నిరీక్షణ దాసుని కాపలా మాన్పునా? రైల్వే పట్టణపు తెలుగు కుటుంబములకు ఇది తెలియని సంగతి కాదు. బండి రానున్నదని తెలిసినప్పుడే గేటు కాచువాడు తన స్థానములో మెలకువగా నిలుచును.

పొరుగు దేశపు బిడ్డల కొరకు మోకరించువాడు వారిపై బాంబు పడవలెనని కోరజాలడు. నీటిని, విద్యుత్తును, అన్నమును మితముగా వాడువాడు పుట్టబోవు తమ్ముని భాగమును దోచుకొనడు. విజ్ఞానమభ్యసించు బిడ్డకు, ఈ జ్ఞానము ఎవరిని కాచునను ప్రశ్నను తలిదండ్రులు నేర్పవలెను.

హేబెలు రక్తము నేరమును చాటెను. క్రీస్తు రక్తము క్షమాపణను చాటుచున్నది. గనుక కయీను వంటివారికిని మారుమనస్సు పొందుటకు ఇంకను సమయమున్నది. తమ్ముడెక్కడని అడిగిన స్వరము నేటికిని మౌనము వహింపలేదు. విశ్వాసి ఇయ్యదగిన జవాబు ఒక్కటే: ఔను ప్రభువా, కావలివాడనే.