వేలిముద్ర అరిగినా కర్మల పత్రం చెరగదు

పింఛను తీసుకునే ప్రతి వృద్ధునికీ ఏడాదికొకసారి ఒక చిన్న పరీక్ష ఎదురవుతుంది. తాను బతికే ఉన్నానని రుజువు చేసుకోవాలి. 2014 నవంబరులో ‘జీవన్ ప్రమాణ్’ వచ్చినప్పటి నుంచి ఈ రుజువును వేలిముద్రల యంత్రం కూడా తీసుకుంటోంది. యంత్రం మీద పెట్టిన వేలు ఆధార్‌లోని ముద్రతో కలిస్తే మనిషి ఉన్నట్టు. కలవకపోతే మళ్లీ ప్రయత్నించాలి.

మేము కూడా ఆ పని మీద సంగారెడ్డిలోని ఒక సేవా కేంద్రానికి వెళ్లాము. కౌంటరు దగ్గరి అబ్బాయి “చాచా, వేలు గట్టిగ ఒత్తండి” అన్నాడు. ఒత్తాము. ఎర్ర లైటు వెలిగింది. బొటనవేలు అయింది, చూపుడువేలు అయింది, ఎడమ చేయి కూడా అయింది. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాము. ఒక్కటీ పడలేదు. “మీ వేళ్లు అరిగిపోయినయి చాచా” అన్నాడు ఆ అబ్బాయి, జాలిగా. ముప్పై ఏళ్లు లేతు మిషను మీద ఇనుము పట్టిన వేళ్లు అరగక ఏమవుతాయి? చివరికి ఫోనులో ముఖం చూపించి బయటపడ్డాము. ఈ ముఖ గుర్తింపు పద్ధతి 2021 నవంబరులో వచ్చింది. అది లేకపోతే ఆ రోజు మేము లేనట్టే!

నవ్వుకుంటూ బస్సు ఎక్కాము. కంది దాటి, రుద్రారం దాటి ఇస్నాపూర్ వచ్చేసరికి షిఫ్టు దిగిన కార్మికులు గుంపులుగా ఎక్కారు. వారిని చూస్తుంటే నవ్వు ఆగిపోయి ఒక ప్రశ్న మిగిలింది. బతికి ఉన్నామన్న రుజువైతే దొరికింది. మరి పని చేయలేని మనిషి బతుకుకు విలువ ఏమిటి?

గేటు దగ్గరి తూకం

మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్త. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్ 1960వ దశకంలో వచ్చింది. పటాన్‌చెరు దగ్గర ఇక్రిశాట్ 1972లో వెలిసింది. ఆ తర్వాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామిక వాడలయ్యాయి. అజాను పిలుపుతో, పొద్దు పొడుపుతో కాలం తెలుసుకున్న పల్లెలు సైరను కూతతో లేవడం నేర్చుకున్నాయి. దానివల్ల ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగింది, పిల్లల చదువులు సాగాయి. ఆ మేలును కాదనలేము. కానీ దాంతోపాటు ఒక తూకం కూడా మన మనసుల్లోకి వచ్చింది. ఎన్ని గంటలు, ఎన్ని నగలు, ఎంత ఓవర్‌టైము? మనిషి విలువ అంతే.

58 ఏళ్లు నిండితే ఆ గేటు మూసుకుంటుంది. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకంలో నెలనెలా పింఛను రావాలంటే కనీసం పదేళ్ల సర్వీసు ఉండాలి. ఇవాళ ఒక కాంట్రాక్టరు దగ్గర, రేపు మరొకరి దగ్గర పనిచేసిన కూలీకి ఆ పదేళ్లు కాగితం మీద పోగు కావడం కష్టం. పోగైన వారికి కనీస పింఛను నెలకు 1000 రూపాయలని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు.

గేటు దగ్గరి తూకం గేటు దగ్గరే ఆగితే బాగుండేది. అది ఇంటికి కూడా వచ్చింది. “కూర్చుని తినే మనిషి” అన్న మాట కొడుకు నోట రాకపోయినా ఆ పెద్దాయన మనసులోనే పుడుతుంది. “మా వల్ల ఇంకేం ప్రయోజనం?” అని తానే అనుకుంటాడు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

అల్లాహ్ తూకం వేరు

దివ్య ఖుర్ఆన్ వృద్ధాప్యాన్ని దాచిపెట్టదు, పొగడ్తలతో కప్పిపుచ్చదు. అల్లాహ్ మానవుణ్ణి బలహీన స్థితిలో పుట్టించి, తర్వాత బలాన్నిచ్చి, ఆ తర్వాత మళ్లీ బలహీనతనూ నెరసిన జుట్టునూ ఇస్తాడని సూరె రూమ్ (54వ ఆయతు) తెలుపుతోంది. అంటే బలహీనత మన తప్పు కాదు, అవమానమూ కాదు. బలం ఎవరిచ్చారో బలహీనతనూ ఆయనే ఇచ్చాడు. ఎముకలు సడలి, తల నెరిసిన వయసులో హజ్రత్ జకరియ్యా (అలైహిస్సలాం) దుఆ చేస్తే అల్లాహ్ ఆలకించాడు. “ఇంకేం ప్రయోజనం?” అని ఆయన చేతులు ముడుచుకోలేదు.

ఇంతకంటే గొప్ప ఊరట ఒక హదీసులో ఉంది. దాసుడు జబ్బుపడినా, ప్రయాణంలో ఉన్నా, ఆరోగ్యంగా ఇంటిపట్టున ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన ఆచరణల పుణ్యమే అతని పేర వ్రాయబడుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) శుభవార్త వినిపించారు (బుఖారీ). సూరె తీన్‌లో చెప్పిన అంతులేని ప్రతిఫలాన్ని వివరిస్తూ, ముసలితనంలో శక్తి ఉడిగిన విశ్వాసికి కూడా ఈ భాగ్యం ఉంటుందని కొందరు వ్యాఖ్యాతలు అన్నారు.

సోదరులారా! ఒక్కసారి పోల్చి చూడండి. లోకం ఇచ్చే పింఛనును చివరి 60 నెలల సగటు జీతాన్ని బట్టి, దానికీ ఒక పరిమితి పెట్టి లెక్కిస్తారు. జీతంలో కొంత భాగమే చేతికి వస్తుంది. కారుణ్యప్రభువు మాత్రం చేయలేని రోజుల్లో కూడా చేసిన రోజుల పుణ్యాన్ని తగ్గించకుండా వ్రాయిస్తాడు.

అయితే ఇందులో యువకులకు ఒక హెచ్చరిక కూడా ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తూ వచ్చినదే కదా తర్వాత కొనసాగేది! షిఫ్టు పేరు చెప్పి నమాజు వదిలిన వాడికి, ఓవర్‌టైము పేరు చెప్పి తల్లి ముఖం చూడని వాడికి ముసలితనంలో కొనసాగడానికి ఏముంటుంది? జీతంలో కోత పడనిదే పీఎఫ్ జమ కాదని మనందరికీ తెలుసు. ఇదీ అంతే.

కుర్చీ మీద నమాజు

మోకాళ్లు మొరాయించిన కొత్తలో మేము కొన్నాళ్లు మస్జిదుకు వెళ్లడం మానేశాము. కారణం నొప్పి అని ఇంట్లో చెప్పాము. నిజానికి అది సిగ్గు. నిన్నటిదాకా మొదటి సఫ్‌లో నిలబడ్డ మనిషి ఇవాళ చివర కుర్చీ వేసుకుని కూర్చోవాలా? మొలలతో బాధపడిన హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)తో నిలబడి నమాజు చేయమని, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కమీద పడుకుని చేయమని దైవప్రవక్త (స) చెప్పారు (బుఖారీ). నిలబడగలిగిన వాడు కుర్చీ వెతుక్కోకూడదు. నిలబడలేని వాడు కుర్చీకి సిగ్గుపడకూడదు. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యానికి సిగ్గుపడడమంటే మనల్ని మనం గేటు దగ్గరి తూకంతోనే తూచుకోవడం.

మళ్లీ వెళ్లిన రోజు, బీహారు నుంచి వచ్చిన ఒక అబ్బాయి మేము అడగకుండానే కుర్చీ తెచ్చి వేశాడు. ఒక వర్కుషాపులో హెల్పరు. సూరె ఫాతిహా తడబడుతూ చదువుతాడు. అసర్ తర్వాత పది నిమిషాలు మా దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాడు. ఫాతిహాతో పాటు మరో మాట కూడా చెప్పాము: “తిరిగే మిషను దగ్గర గ్లవుజులు వేసుకోకు బేటా! గుడ్డ చిక్కితే చెయ్యి పోతుంది.” అతనికి ఆ మాట అంతకుముందు ఎవరూ చెప్పలేదు! అరిగిన వేళ్లలో కూడా ఇంకొకరి వేళ్లను కాపాడే తెలివి ఉందని మాకు ఆ రోజు అర్థమైంది.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా కార్మికులు చనిపోయారు. వారిలో పొట్ట చేత పట్టుకుని వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన యువకులు ఎందరో. వారికి మోకాళ్ల నొప్పులు రావు, జుట్టు నెరవదు. వృద్ధాప్యం భారమని గొణిగే ముందు, అది అందరికీ దక్కని అనుగ్రహమని గుర్తు తెచ్చుకోవాలి. దీర్ఘాయుష్షు పొంది మంచి పనులు చేసినవాడే ఉత్తముడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు (తిర్మిజీ). ఆయుష్షు మన చేతుల్లో లేదు. మంచి పనులు ఉన్నాయి.

“మా కాలంలో...”

వయసుతోపాటు అభిప్రాయాలూ పెరుగుతాయి. “మా కాలంలో ఇలా లేదు” అనే మాట రోజుకు పదిసార్లు వస్తుంది. ఒక్కోసారి ఆ మాట అవసరమే. నక్కవాగు నీరు ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పవలసింది పెద్దలే. అది సాక్ష్యం, సాక్ష్యాన్ని దాచకూడదు. కానీ కోడలి వంట మీద, మనవడి ఫోను మీద రోజంతా చెప్పేది సాక్ష్యం కాదు, సణుగుడు. హజ్రత్ ఉమర్ (రజి) బద్ర్ యోధులైన పెద్దల సరసన నవయువకుడైన ఇబ్నె అబ్బాస్ (రజి)ను కూర్చోబెట్టుకుని ఆయన అభిప్రాయం అడిగేవారు (బుఖారీ). పిన్నల మాట వినడం పెద్దరికానికి లోటు కాదు.

పిల్లలకు, సమాజానికి

తల్లిదండ్రులు వృద్ధులైతే వారి ముందు విసుగు మాట కూడా పలకరాదని, దయతో వినమ్రంగా ఒదిగి ఉండాలని సూరె బనీ ఇస్రాయీల్ ఆదేశిస్తోంది. మన దేశంలో 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది. పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. నిస్సహాయులకు అది అండే. కానీ ట్రిబ్యునల్ అన్నం పెట్టించగలదు, పక్కన కూర్చుని పలకరించేలా చేయలేదు. మక్కా విజయం నాడు హజ్రత్ అబూబక్ర్ (రజి) తన వృద్ధ తండ్రి అబూ ఖుహాఫాను తీసుకువస్తే, ఆయనను ఇంట్లోనే ఉంచితే తామే వచ్చేవారమని దైవప్రవక్త (స) అన్నారు. పెద్దల దగ్గరికి మనమే వెళ్లాలన్నది ఆ పాఠం.

ఇది మన ఇంటి పెద్దలకే పరిమితం కాదు. బిచ్చమెత్తుతున్న ఒక వృద్ధ యూదుణ్ణి చూసి హజ్రత్ ఉమర్ (రజి) చలించిపోయారు. అతని యౌవనంలో పన్ను తీసుకుని ముసలితనంలో వదిలేయడం న్యాయం కాదని తలచి, పన్ను రద్దు చేసి బైతుల్ మాల్ నుంచి భృతి ఏర్పాటు చేశారు. మన వీధిలో పింఛను లేని కాంట్రాక్టు కూలీ ఎవరైనా ఉన్నాడా? అతని మతం ఏదైనా సరే, అతని యౌవనం తయారు చేసిన వస్తువులను మనమూ వాడుకున్నాము కదా!

ప్రళయదినాన వేళ్ల కొసలను కూడా తిరిగి సరిగా అమర్చగలనని అల్లాహ్ సూరె ఖియామహ్‌లో ప్రకటించాడు. నోళ్లకు ముద్ర పడి, చేతులు మాట్లాడతాయని సూరె యాసీన్ తెలుపుతోంది. సంగారెడ్డి కౌంటరులో మా వేళ్లు మేమెవరమో చెప్పలేకపోయాయి. ఆ రోజు అవే వేళ్లు మేమేం చేశామో చెబుతాయి. సిద్ధపడవలసిన రుజువు అది.

అల్లాహ్ మన వృద్ధులకు ఓర్పును, మన యువకులకు దయను ప్రసాదించుగాక! మన చివరి ఆచరణలను ఉత్తమ ఆచరణలుగా చేయుగాక! ఆమీన్.