మైక్రోగ్రాముల మీద నిలిచిన మనిషి

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతు చేత ఒక ప్రయోగం చేయిస్తాడు. పదిహేను రోజులు అన్నం ముట్టవద్దు, నీళ్లు మాత్రం కావలసినన్ని తాగమంటాడు. ఆ గడువు తీరాక శ్వేతకేతు వచ్చి నిలబడితే ఋక్కులు, యజుస్సులు, సామాలు చెప్పమంటాడు. పన్నెండేళ్లు గురువు దగ్గర చదివి, తనంతటి వాడు లేడన్న అతిశయంతో ఇంటికి చేరిన కుర్రవాడు శ్వేతకేతు. అలాంటి వాడు ఒక్కటీ తోచడం లేదంటాడు. భోంచేసి రమ్మంటాడు తండ్రి. తిని వచ్చాక అడిగినవన్నీ చెప్పగలుగుతాడు. మనసు అన్నమయమని తండ్రి చెప్పిన మాట కొడుక్కి అప్పుడు ఒంటబడుతుంది.

చదువుకునే రోజుల్లో ఈ కథ నన్ను పెద్దగా పట్టుకోలేదు. ఆకలితో నీరసించిన వాడికి చదువు గుర్తుండకపోవడంలో వింతేముంది అనుకున్నాను. నలభై దాటాక, క్లాసులో ఏళ్ల తరబడి చెబుతున్న పద్యం మూడో పాదం దగ్గర నాకు ఆగిపోయింది. పిల్లలు అందించారు. మరో రోజు ఇంకో పద్యం. నేను కడుపు నిండానే తింటున్నాను. నాలో తగ్గింది పళ్లెంలో కనిపించేది కాదు.

అప్పటికే చాలా నెలలుగా ఒళ్లు మాట వినడం లేదు. విజయవాడ ఎండల్లో కూడా రాత్రిపూట ఫ్యాను తగ్గించమనేదాన్ని. దువ్వెన నిండా జుట్టు, పగిలిన మడమలు, బొంగురుపోయిన గొంతు, పొద్దున లేస్తూనే రాత్రంతా బరువులు మోసినంత అలసట. వీటిలో ఏ ఒక్కటీ జబ్బులా కనిపించదు. అందుకే చుట్టూ ఉన్నవాళ్లు వీటికి జబ్బు పేరు పెట్టరు, గుణం పేరు పెడతారు. శ్రద్ధ తగ్గిందన్నారు. కాస్త ఓపిక చేసుకోవాలి అంది అమ్మ. విసుగెక్కువైందన్నారు ఇంట్లో. అన్నవాళ్లందరూ నన్ను ప్రేమించేవాళ్లే. వాళ్లకు కనిపించింది నా స్వభావం మారడం, కాబట్టి స్వభావం గురించే మాట్లాడారు.

చివరికి వెళ్లి చూపించుకుంటే, రక్తపరీక్ష రాసిచ్చిన డాక్టరమ్మ వివరంగా చెప్పింది. గొంతు ముందు శ్వాసనాళాన్ని ఆనుకుని ఇరవై గ్రాముల బరువైనా ఉండని థైరాయిడ్ గ్రంథి ఉంటుంది. అది థైరాక్సిన్ అనే హార్మోన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ పని సరిగా జరుగుతోందా లేదా అని మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి కనిపెట్టుకుని ఉంటుంది. థైరాక్సిన్ తగ్గితే, పలకని పిల్లవాడిని పిలిచినకొద్దీ గొంతు పెంచే తల్లిలా పిట్యూటరీ తన హార్మోన్ అయిన టీఎస్‌హెచ్‌ను పెంచుతుంది. అందుకే రిపోర్టులో ఆ అంకె పెద్దదయితే గ్రంథి మందగించిందని అర్థం. నా విషయంలో నా రోగనిరోధక శక్తే ఆ గ్రంథి మీద తిరగబడింది. ఈ జబ్బును 1912లో నలుగురు స్త్రీల గ్రంథులను సూక్ష్మదర్శిని కింద చూసి మొదట వర్ణించిన జపాన్ వైద్యుడు హషిమోటో పేరుతోనే పిలుస్తారు. ఆడవాళ్లలో ఇది మగవాళ్లకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఒక మనిషికి రోజుకు కావలసిన థైరాక్సిన్ సుమారు వంద మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పదో వంతు. లెక్క వేసి చూశాను. రోజుకు వంద మైక్రోగ్రాముల చొప్పున ముప్పై ఏళ్లు వేసుకుంటే మొత్తం మందు ఒక గ్రాము కాస్త దాటుతుంది. ముప్పై ఏళ్ల చురుకుదనం, జ్ఞాపకం, ఒంటి వేడి, గుండె వేగం, పిల్లల మీద విసుక్కోకుండా ఉండగలిగే నెమ్మది, వీటన్నిటి కింద ఉన్నది ఒక గ్రాము పదార్థం. ఇది తెలిసిన రోజు నాకు భయం వేసింది. నాది అనుకున్న గుణాల్లో నిజంగా నాది ఏది?

ఈ ప్రశ్న వైద్య చరిత్రలో ఒక శస్త్రవైద్యుడికి చాలా కఠినంగా ఎదురైంది. స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో థియోడర్ కోచర్ గొంతు మీద పెద్ద కాయల్లా పెరిగిన గాయిటర్లను కోసి తీయడంలో ఆరితేరిన వాడు. అంతకుముందు ఆ ఆపరేషన్‌లో రక్తం పోయి చనిపోయేవాళ్లు ఎక్కువ. కోచర్ చేతిలో మనుషులు బతికారు. గ్రంథి మొత్తం తీసేసిన ఒక చిన్నపిల్ల ఆ తర్వాత పూర్తిగా మారిపోయిందని, హుషారైన పిల్ల మందకొడిగా అయిందని ఆ పిల్లను పంపిన వైద్యుడి ద్వారా ఆయనకు తెలిసింది. జెనీవాలో మరో సర్జన్ కూడా ఇలాంటిదే చూశానన్నాడు. కోచర్ తన పాత రోగులను మళ్లీ పిలిపించి చూశాడు. ఆ పిల్ల ఫోటోలు వైద్య గ్రంథాల్లో ఉన్నాయి. ఆపరేషన్‌కు ముందు చెల్లెలి పక్కన నిలబడ్డ అక్క, కొన్నేళ్ల తర్వాత ఆ చెల్లెలి కంటే పొట్టిగా, ఉబ్బిన ముఖంతో, చూపులో ఏ కదలికా లేకుండా ఉంటుంది. 1883లో కోచర్ తోటి సర్జన్ల ముందు ఈ సంగతంతా దాచకుండా చెప్పాడు. క్యాన్సర్ కాని గాయిటర్లకు మొత్తం గ్రంథి తీయడం మానేశాడు. 1909లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతి కంటే ఆ 1883 నాటి ప్రసంగమే నాకు గొప్పగా అనిపిస్తుంది. అప్పటిదాకా ఆ పిల్ల ఇంట్లో వాళ్లు ఎన్నిసార్లు ఆమెను కసిరి ఉంటారో, సోమరి అని ఉంటారో. ఆ మార్పు ఆమె గుణం కాదని, గ్రంథి పోవడం వల్ల వచ్చిందని కోచర్ ఒప్పుకున్నాడు.

పోయినదాన్ని తిరిగి పెట్టవచ్చని తేలడానికి ఎంతో కాలం పట్టలేదు. 1891లో ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే అనే యువ వైద్యుడు, ఒళ్లంతా ఉబ్బి మాట ముద్దయిపోయిన ఒక నడివయసు స్త్రీకి గొర్రె గ్రంథి రసం ఎక్కించడం మొదలుపెట్టాడు. ఆవిడ కోలుకుని, ఆ మందు మీదే ఇంకో ఇరవై ఎనిమిదేళ్లు బతికింది. ఆ ఏళ్లన్నిటికీ కలిపి ఎనిమిది వందల డెబ్బైకి పైగా గొర్రెల గ్రంథులు కావలసి వచ్చాయి. 1914 క్రిస్మస్ రోజున అమెరికాలో కెండాల్ అనే శాస్త్రవేత్త థైరాక్సిన్‌ను స్ఫటికాలుగా విడదీశాడు. 1927లో లండన్‌లో హారింగ్టన్, ఎడిన్‌బరోలో బార్జర్ కలిసి దాన్ని కృత్రిమంగా తయారుచేశారు. నేను పొద్దున మింగే మాత్ర వెనుక ఉన్న దారి ఇది. ఆ గొర్రెలకు కూడా నేను బాకీ ఉన్నాననుకుంటాను.

మా పెద్దమ్మ గుర్తుకొస్తుంది. తెనాలి దగ్గర పల్లెటూళ్లో ఉండేది. వేసవిలో కూడా ఒంటి చుట్టూ కొంగు బిగించుకుని అరుగు మీద కూర్చునేది. మాట బరువుగా, ఆగి ఆగి వచ్చేది. ముఖం ఎప్పుడూ ఉబ్బినట్టుండేది. నలుగురు పిల్లల తల్లి. ఊళ్లో ఆమెకు బద్ధకస్తురాలని పేరు. తోడికోడళ్లు ఎదురుగానే అనేవాళ్లు, ఆమె నవ్వి ఊరుకునేది. ఆమె రక్తాన్ని ఎవరూ ఏనాడూ పరీక్షించలేదు కాబట్టి ఆమెకు ఏముండేదో ఇప్పుడు చెప్పే వీలు లేదు. మా అందరి నోళ్లలో ఆమె ఒక గుణంగా మిగిలిపోయింది, అంతే. పాతికేళ్లు ఆ మాట మోసి వెళ్లిపోయింది. ఈ జబ్బు నాకు వచ్చాక నేను అందరికంటే ఎక్కువగా తలుచుకున్నది ఆమెనే.

ఒక మనిషికే కాదు, ఊళ్లకు ఊళ్లకే ఇలాంటి పేర్లు పడ్డాయి. హిమాలయాల దిగువ లోయల్లో మంచు, వానలు వేల ఏళ్లుగా మట్టిలోని అయోడిన్‌ను కడిగేశాయి. అక్కడ పండిన పంటలో అయోడిన్ చాలా తక్కువ. థైరాక్సిన్ తయారవడానికి అయోడిన్ కావాలి. అక్కడివాళ్లకు గొంతు మీద గళగండాలు వచ్చేవి. కొందరు పిల్లలు బుద్ధి ఎదగక, మూగచెవిటిగా పుట్టేవాళ్లు. 1956లో హిమాచల్‌లోని కాంగ్రా లోయలో ఉప్పులో అయోడిన్ కలిపి ఇచ్చి చూసే పెద్ద అధ్యయనం మొదలైంది. దాన్ని నడిపినవారు శ్రీకాకుళంలో పుట్టి, విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి. అయోడిన్ ఉప్పు తిన్న గ్రామాల్లో గాయిటర్ తగ్గుతూ వచ్చింది. 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. ఈ రోజు మన వంటింట్లో ఉప్పు ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని ఉండటం వెనుక మన తెలుగువాడి కష్టం ఉందని మన పిల్లలకు ఏ పాఠంలోనైనా చెబుతున్నామా? నా జబ్బుకు కారణం అయోడిన్ లోటు కాదు, ఆ ఉప్పు నా గ్రంథిని బాగుచేయలేదు. అయినా ఒక లోయలో పిల్లల తెలివి మట్టిని బట్టి ఉందని, చిటికెడు ఉప్పుతో అది మారుతుందని చూపించిన మనిషి నా ప్రశ్నకు చాలా దగ్గరివాడు.

వైద్యం విషయానికి వస్తే, ఇందులో చేయాల్సింది చాలా తక్కువ. ఆ తక్కువనే రోజూ చేయాలి, బతికినంత కాలం చేయాలి. కష్టమంతా అక్కడే. మాత్ర పరగడుపున మంచినీళ్లతో వేసుకుని అరగంట, వీలైతే గంట, కాఫీ ముట్టకూడదు. లేస్తూనే ఫిల్టర్ కాఫీ వాసనతో రోజు మొదలయ్యే ఇళ్లలో ఇది చిన్న నియమం కాదు. ఐరన్, కాల్షియం మాత్రలు ఉంటే వాటికీ దీనికీ నాలుగు గంటల ఎడం ఉండాలి, లేకపోతే అవి దీన్ని పేగుల్లోనే పట్టేస్తాయి. కార్తీక సోమవారం ఉపవాసమని మాత్ర మానేసేవాళ్లను చూశాను. మాతో పనిచేసే ఒకావిడ రంజాన్ నెలలో, తెల్లవారకముందు తినే సహరీకి ముందే లేచి మాత్ర వేసుకుంటుంది. రాత్రి భోజనమయ్యాక మూడు గంటలు ఆగి వేసుకోమని కొందరికి డాక్టర్లు చెబుతారు. కడుపు ఖాళీగా ఉంటే ఏ వేళ అయినా ఫరవాలేదు, రోజూ ఒకేలా ఉండాలి.

ఈ మందు కాలమే వేరు. థైరాక్సిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే వారం పడుతుంది. డోసు మార్చాక మళ్లీ రక్తపరీక్షకు ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. తలనొప్పి మాత్రకు అరగంటలో ఫలితం చూసిన మనకు ఈ నెమ్మది సహించదు. నాలుగు రోజులు వేసుకుని తేడా లేదని మానేసేవాళ్లు, కాస్త బాగుండగానే తగ్గిపోయిందనుకునేవాళ్లు, రోజూ వేసుకుంటే అలవాటైపోతుందని భయపడేవాళ్లు నాకు చాలామంది తెలుసు. ఆ గ్రంథి బాగున్నప్పుడు కూడా ఇదే పదార్థాన్ని రోజూ ఇస్తూనే ఉంది. దానికి అలవాటుపడే పుట్టాం. థైరాయిడ్‌ను శాశ్వతంగా నయం చేస్తామని గోడల మీద రాసుకునేవాళ్లను నమ్మి మాత్ర మానేసిన వాళ్లు మళ్లీ ఆ చలిలోకి, ఆ మబ్బులోకి వెళ్లడం చూస్తే నాకు కోపం వస్తుంది.

రిపోర్టులో అంకె సరైన చోటికి వచ్చాక నాకు మరో సంగతి అర్థమైంది. పద్యాలు తిరిగొచ్చాయి, ఒంటికి వేడి వచ్చింది, గొంతు తెరుచుకుంది. కానీ దిగులు పూర్తిగా పోలేదు. కొంత బరువు తగ్గలేదు. మా నాన్న పోయిన ఏడాది అది. దుఃఖానికి టీఎస్‌హెచ్ అంకె ఉండదు. ప్రతి నలతనూ థైరాయిడ్ ఖాతాలో వేస్తే రక్తహీనత, బీ12 లోటు, కుంగుబాటు, ఒక్క మనిషి మీదే పడిన ఇంటిచాకిరీ, ఇవన్నీ దాని చాటున దాక్కుంటాయి. బరువు తగ్గాలని డోసు తామే పెంచుకునేవాళ్లూ ఉన్నారు. మితిమీరిన థైరాక్సిన్ గుండె లయను చెదరగొడుతుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. అంటే నా స్వభావం అంతా ఆ గ్రాములోనే లేదు. అది లేకుండానూ లేదు. శ్వేతకేతు అన్నం తిన్నాక వేదం గుర్తొచ్చింది, కానీ పన్నెండేళ్లు చదివింది మాత్రం అతనే. ఈ రెంటిలో ఏ ఒక్కదాన్నీ వదులుకోకుండా ఆలోచించడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది. ఎవరి గురించైనా బద్ధకం, చిరాకు, మందబుద్ధి అన్న మాట నోటిదాకా వచ్చినప్పుడు మాత్రం ఇప్పుడు ఆగుతున్నాను.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ జబ్బు చుట్టూ ఉన్న దాపరికం. సంబంధాలు చూసేటప్పుడు ఆడపిల్లకు థైరాయిడ్ ఉందని చెప్పవద్దంటారు. మాత్రల సీసా బీరువాలో బట్టల కింద పెట్టమంటారు. పెళ్లయ్యాక అత్తవారింట్లో చాటుగా వేసుకునే పిల్ల ఎన్ని రోజులు తప్పకుండా వేసుకోగలదు? ఆ పిల్ల గర్భవతి అయితే తొలి నెలల్లో కడుపులోని బిడ్డ మెదడు తల్లి థైరాక్సిన్ మీదే ఆధారపడుతుంది. చాలామందికి అప్పటి నుంచే డోసు పెంచాలి. వేళకు వేసుకుంటూ పరీక్షలు చేయించుకుంటే కాన్పు అందరిలాగే జరుగుతుంది. దాచడానికి ఇందులో ఏమీ లేదు, దాచడం వల్ల పోయేది మాత్రం ఉంది.

మా చెల్లెలి కూతురు పెళ్లికి ముందే అబ్బాయికి చెప్పింది. అతను సరేనన్నాడు, అత్తగారు తనకూ ఉందంది. నెల తప్పగానే డాక్టరు డోసు పెంచారు. మొన్న ఆడపిల్ల పుట్టింది. మూడో రోజున మడమ మీద సన్నగా గుచ్చి, అద్దుడు కాగితం మీద రక్తపు చుక్కలు తీసుకుని పరీక్షకు పంపారు. గ్రంథి లేకుండానో, సరిగా ఏర్పడకుండానో పుట్టే బిడ్డలు కొందరుంటారు. మొదట్లో వాళ్లు చూడటానికి అందరు పిల్లల్లాగే ఉంటారు, నెమ్మదైన పిల్ల అని ముచ్చటపడతారు కూడా. రెండు వారాల లోపు మాత్ర పొడి చేసి తల్లిపాలలో కలిపి చెంచాతో పట్టించడం మొదలుపెడితే ఆ బిడ్డ తెలివి నిలుస్తుంది. నెలలు గడిస్తే, ఆ తర్వాత ఎంత మందు వేసినా పోయిన తెలివి పూర్తిగా రాదు. 1970లలో కెనడాలోని క్యుబెక్‌లో పుట్టిన బిడ్డలందరికీ ఈ పరీక్ష చేయడం మొదలైంది. మా మనవరాలి ఫలితం బాగానే వచ్చింది. మేం అడిగాం కాబట్టి, డబ్బు కట్టగలిగాం కాబట్టి జరిగింది. ప్రభుత్వాసుపత్రిలోనో, పల్లెలోని పీహెచ్‌సీలోనో కాన్పయిన తల్లి ఎవరినీ అడగనక్కర్లేకుండానే ప్రతి పసిబిడ్డకూ ఆ చుక్క రక్తం తీసి, ఫలితం వారంలోగా ఇంటికి చేర్చే ఏర్పాటు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఒక్క ఊరూ మిగలకుండా ఉండాలని కోరుకుంటున్నాను.