ప్రాజెక్టుకు యజమాని ఎవరు?

తిరుమల మహాద్వారం దాటేటప్పుడు కుడివైపు తలెత్తి చూస్తే గోడకు ఒక గునపం కనిపిస్తుంది. క్యూలో వెనకనుంచి తోసుకొస్తుంటారు కాబట్టి చాలామంది దాన్ని చూడకుండానే లోపలికి వెళ్లిపోతారు. అది అనంతాళ్వారు గునపమని చెబుతారు. కొండమీద పూలతోట పెంచి స్వామికి పుష్పకైంకర్యం చేసేవాళ్లెవరని రామానుజులు అడిగితే ముందుకొచ్చిన శిష్యుడాయన. తోటకు నీళ్లకోసం చెరువు తవ్వసాగాడు. నిండు చూలాలైన భార్య మట్టి మోసేది. ఒక పిల్లవాడెవరో వచ్చి ఆమె చేతిలో గంప అందుకున్నాడు. అనంతాళ్వారుకు అరికాలి మంట నెత్తికెక్కింది. వెంటపడి గునపం విసిరితే పిల్లవాడి గడ్డానికి తగిలింది. తీరా చూస్తే గర్భగుడిలో స్వామి గడ్డంనుంచి రక్తం. ఆనాటి గాయానికి అద్దిన పచ్చకర్పూరాన్నే నేటికీ స్వామి చుబుకంమీద అలంకరిస్తున్నారని స్థలపురాణం.

కథ అందరికీ తెలిసిందే. అందులో ఉన్న చిక్కును మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. అనంతాళ్వారుకు ఫలాపేక్ష లేదు. అలాంటివాడికి గంపెడు మట్టి పంచుకోవడానికి మనసెందుకు ఒప్పలేదు? కర్మ చేసేవాడు మూడింటిని వదలాలని రామానుజుల గీతాభాష్యం చెబుతుంది: ఫలం, ఇది నాదనే మమకారం, నేనే చేస్తున్నాననే కర్తృత్వం. పనిని మాత్రం వదలకూడదు. శిష్యుడు మొదటిదాన్ని తేలిగ్గా వదిలేశాడు, మిగతా రెండింటినీ గునపంతో పాటు గట్టిగా పట్టుకున్నాడు.

కొండ కింద ఇదే చిక్కు తలకిందులుగా కనిపిస్తుంది. 1959లో మొదలైన ఎస్వీయూ ఇంజినీరింగ్ కాలేజీ నుంచి 2013లో శ్రీసిటీకి వచ్చిన ట్రిపుల్ ఐటీ, 2015లో మొదలై ఇప్పుడు ఏర్పేడు దగ్గరున్న ఐఐటీ దాకా తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో కంప్యూటర్ చదువులకు లోటు లేదు. చదువు చివర ఒక ప్రాజెక్టు ఉంటుంది. తెలుగునాట ఏ ఊళ్లో చూసినా కాలేజీల చుట్టూ 'ఐఈఈఈ ప్రాజెక్టులు' అన్న బోర్డులు కూడా ఉంటాయి. డబ్బు కడితే ప్రోగ్రామూ, రిపోర్టూ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులూ కలిపి ఇస్తారు. ఇక్కడ పిల్లలు కర్తృత్వాన్ని వదిలారు, మమకారాన్ని వదిలారు, పనినే వదిలారు. ఫలం ఒక్కటే చేతిలో మిగిలింది: మార్కులు.

ఈ రోగానికి విరుగుడు పిల్లల్ని బయటి సంస్థల దగ్గరకు పంపడమేనంటున్నారు. నిజమైన మనిషికి నిజమైన అవసరం ఉంటే దొంగ ప్రాజెక్టు నిలవదని ఆశ. ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి 2020-21 నుంచి డిగ్రీ కోర్సుల్లో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేసింది. కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు కూడా అందులో భాగమే. కేంద్రం 2017 నుంచి నడుపుతున్న స్మార్ట్ ఇండియా హ్యాకథాన్‌లో మంత్రిత్వ శాఖలే సమస్యలిస్తాయి. ఆశ మంచిదే. అయితే బయటి మనిషి రాగానే పాత ప్రశ్న కొత్తగా లేస్తుంది. ఇంతకీ ఈ పని ఎవరిది?

చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ క్లయింటుగా వచ్చిందనుకుందాం. తోతాపురి సీజన్లో గేటు బయట ట్రాక్టర్లు బారులు తీరుతాయి. కాయ కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 ఇవ్వాలని తేల్చిన 2025లో, ఫ్యాక్టరీ టోకెన్ల కోసం రైతులు పడ్డ పాట్లు ఆ జిల్లాలో ఎవరూ అంత తొందరగా మరచిపోరు. నలుగురు ఫైనలియర్ పిల్లలు టోకెన్ల యాప్ చేస్తారు. రైతు పేరు, బండి నంబరు, వేబ్రిడ్జి తూకం, ఏ రోజు ఏ పూట రావాలో ఫోనుకు మెసేజ్. జనవరిలో చూపిస్తే మేనేజరు బాగుందంటాడు. ఏప్రిల్లో వైవా అయిపోతుంది. మేలో పిల్లలు సర్టిఫికెట్లు తీసుకుని బెంగళూరు బస్సెక్కుతారు.

మామిడి జూన్‌లో వస్తుంది.

ఒకే బండిలో ఇద్దరు రైతుల కాయ వస్తే ఏం చేయాలో యాప్‌కు తెలియదు. వ్యాపారుల ర్యాంపులో కాయ అమ్మేసి టోకెన్ పక్కవాడికిచ్చిన రైతు సంగతీ తెలియదు. గేటు దగ్గర గుమాస్తా మళ్లీ నోటు పుస్తకం తీస్తాడు. తప్పు ఎవరిదని అడిగితే కాలేజీ పిల్లల్ని చూపిస్తుంది, పిల్లలు ఫ్యాక్టరీని చూపిస్తారు, ఫ్యాక్టరీ 'ఉచితంగా వచ్చిందేగా' అంటుంది.

ఈ ముగ్గురిలో యజమాని ఎవరన్నదాన్ని యజ్ఞాల న్యాయం చర్చించిన మీమాంసకులు చాలా కాలం కిందే తేల్చారు. యజ్ఞం చేసేది ఋత్విక్కులు, ఫలం యజమానిది. స్వర్గం కావాలనుకున్నది ఆయన కాబట్టి ఫలం ఆయనకే చేరుతుంది. మరి ఋత్విక్కుకు ఏమిటి? దక్షిణ. మీమాంసలో దక్షిణ దానం కాదు, దయ కాదు. ఋత్విక్కుల శ్రమను యజమాని కొనుక్కునే వెల. అది ఇచ్చాకే ఫలంమీద ఆయన హక్కు నిలుస్తుంది. సోమయాగంలో పదహారు మంది ఋత్విక్కులు నాలుగు వరుసలుగా ఉంటారు. వాళ్లలో బ్రహ్మ అనే ఆయన దక్షిణ దిక్కున మౌనంగా కూర్చుని ఎవరు ఎక్కడ తప్పుతున్నారో కనిపెడుతుంటాడు. తప్పు జరిగితే ప్రాయశ్చిత్తం ఆయన బాధ్యత. ప్రాజెక్టు గైడుకు ఇంతకంటే మంచి వర్ణన దొరకడం కష్టం. కాకపోతే మన గైడుల్లో కొందరు మౌనం వరకే పాటిస్తారు.

పంపకాల లెక్క ఇంకా ఆసక్తికరం. నూరు ఆవులు దక్షిణ అయితే మొదటి వరుస నలుగురికి 48, రెండో వరుసకు 24, మూడో వరుసకు 16, నాలుగో వరుసకు 12 అని మనుస్మృతి వ్యాఖ్యాతలు లెక్క కట్టారు. టీములో ఒకడు రాత్రంతా మేలుకుని ప్రోగ్రాం రాస్తే, నలుగురికీ ఒకే మార్కులు పడే మన పద్ధతికంటే ఇది నయం. మనువు చెప్పినవాటిలో ఈ కాలం ఒప్పుకోనివి బోలెడు. ఎనిమిదో అధ్యాయంలోని ఈ పొత్తుపనుల ప్రకరణాన్ని మాత్రం చదివి తీరాలి. పని మధ్యలో వదిలేసిన ఋత్విక్కుకు చేసినంత మేరకే వాటా. దక్షిణ పుచ్చుకున్నాక వదిలితే వాటా పూర్తిగా అతనిదే, కానీ మిగిలిన పని వేరొకరి చేత అతనే చేయించాలి. కలిసి పనిచేసే వాళ్లందరికీ ఇదే న్యాయం వర్తిస్తుందని కూడా అక్కడే ఉంది. మేలో బస్సెక్కిన పిల్లలకు మార్కులు ముందే ముట్టాయి. మరి జూన్ పని ఎవరిచేత చేయించారు?

ఇక్కడే కొందరు పెద్దలు గీతను బయటికి తీస్తారు. ఫలం ఆశించకుండా సేవ చేయండి, సమాజానికి పనికొస్తుంది అని పిల్లలకు చెబుతారు. తిరుపతిలో ఆ మాట చెవికి ఇంపుగానే ఉంటుంది. 2000లో మొదలైన శ్రీవారి సేవకు దేశం నలుమూలల నుంచి వచ్చి కూరలు తరిగేవాళ్లు, భోజనాలు వడ్డించేవాళ్లు పైసా ఆశించరు. కానీ తరిగిన కూర ఆ పూటే విస్తట్లోకి వెళుతుంది, సేవ ఆ సాయంత్రానికి పూర్తవుతుంది. సాఫ్ట్‌వేర్ రాసినవాడు వెళ్లిపోయాకే దాని అసలు బతుకు మొదలవుతుంది. పైగా ఫలత్యాగం పిల్లలకు బోధించే కాలేజీ అదే ప్రాజెక్టును న్యాక్ బృందం ముందు, బ్రోచర్లో, ఎంఓయూ ఫొటోల్లో చక్కగా అనుభవిస్తుంది. ఫ్యాక్టరీకి ఖర్చు మిగులుతుంది. తాము వదలని దాన్ని ఎదుటివాళ్ల చేత వదిలించడం త్యాగబోధ అనిపించుకోదు. రామానుజులు చెప్పిన త్యాగం, చేసేవాడు తనంతట తాను చేసుకునేది.

అందుకని క్లయింటు దక్షిణ చెల్లించాలి. డబ్బే కానక్కర్లేదు. గేటు దగ్గరి గుమాస్తాను వారానికి ఒక పూట పిల్లల దగ్గర కూర్చోబెట్టడం, సర్వర్ ఖర్చు భరించడం, పని అందాక దాన్ని చూసుకునే మనిషిని ముందే పేరుపెట్టి చెప్పడం చాలు. ఇదేదీ ఇవ్వలేని సంస్థకు ఆ సాఫ్ట్‌వేర్ నిజంగా అక్కర్లేదన్నమాట.

యజమాని, ఋత్విక్కు అన్న తేడా లేని యాగం కూడా ఒకటుంది. సత్రయాగంలో చేసేవాళ్లంతా యజమానులే, దక్షిణ ఉండదు, ఫలం అందరిదీ. మధ్యలో ఒకరు తప్పుకుంటే వేరొకరిని తెచ్చి కూర్చోబెట్టి యాగం కొనసాగిస్తారు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం 1995లో మొదలుపెట్టిన ఎపిక్స్ కార్యక్రమం దీనికి దగ్గరగా ఉంటుంది. అక్కడ ఒక సేవాసంస్థతో ఒక టీము ఏళ్ల తరబడి పనిచేస్తుంది. మొదటి ఏడాది విద్యార్థీ, చివరి ఏడాది విద్యార్థీ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు, పెద్దవాళ్లు వెళ్లిపోతుంటే చిన్నవాళ్లు అందుకుంటారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో రెండో ఏడాదిలోనే సాఫ్ట్‌వేర్ కోర్సులో భాగంగా బయటి క్లయింట్లకు పనిచేయిస్తారు. ఆ పిల్లలు ఇంకా కొన్నేళ్లు క్యాంపస్‌లోనే ఉంటారు.

తిరుపతి, చిత్తూరు కాలేజీలకు ఇది చేతకాని పనేమీ కాదు. బయటి సంస్థల ప్రాజెక్టుల్ని ఫైనలియర్ నుంచి తీసి మూడో ఏడాదికి మార్చండి. ఆగస్టులో, సీజన్ కష్టాలు ఫ్యాక్టరీవాళ్లకు ఇంకా గుర్తున్నప్పుడే సమస్య అడిగి తెలుసుకోండి. జూన్‌లో మొదటి ట్రాక్టరు గేటు ముందుకొచ్చేసరికి ఆ పిల్లలు ఇంకా మీ హాస్టల్లోనే ఉంటారు. వాళ్లను వేబ్రిడ్జి దగ్గరకు పంపండి, మార్కులు అక్కడ చూశాక వేయండి.