నడుమ నిలిచిన చీల

ఇద్దరి నడుమకు వచ్చిన మూడవవాడు వారిని కలుపునా, విడదీయునా? ఉమ్మడి కుటుంబములలో తరచు తలయెత్తు ఈ ప్రశ్నకు సమాధానము వడ్రంగి సంచిలో నున్నది. ఒక కొస మందముగను, రెండవ కొస పలుచగను చెక్కిన చిన్న కొయ్యముక్క; చీల యని పేరు.

చీల యనగానే పంచతంత్రమందలి కోతి జ్ఞప్తికి వచ్చును. దేవాలయము కట్టుచున్న చోట వడ్రంగులు సగము చీల్చిన దుంగలో చీల నిలిపి భోజనమునకు వెళ్ళిరి. కోతి దానిని ఊడబెరికినది. దుంగ మూసికొనగా నలిగి ప్రాణములు కోల్పోయినది. తనకు పట్టని పనిలో తలదూర్చరాదని పెద్దలు చెప్పు నీతి. మంచిదే. కాని ఈ కథ మిత్రభేదములో, అనగా స్నేహితులను విడదీయు కథలలో, మొదటనే వచ్చుట గమనింపదగినది. అచట చీల విడదీయు సాధనము.

అదే చీల ద్వారబంధమున కలుపు సాధనము. నిలువుకొయ్య కొసన తీసిన కుసిని అడ్డకొయ్య బెజ్జములో దూర్చి, కుసి చివర రంపముతో గాటు పెట్టి, అందు చీలను దిగగొట్టుదురు. కుసి విచ్చుకొని బెజ్జమును గట్టిగా పట్టును. ఇక లాగినను రాదు. అయితే చీలను నిలుపు దిక్కు ముఖ్యము. అడ్డకొయ్యలోని నారకు అడ్డముగ నిలిపినచో బిగింపు. నార వెంబడి నిలిపినచో అదే దెబ్బకు కొయ్య పగులును. చీలయు ఎండిన చేవకొయ్య కావలెను. పచ్చికొయ్యతో చేసినది పల్నాటి వేసవికి కుదించుకొని జారిపోవును.

పల్నాటి వారికి ఈ మాట మరియొక విధముగ కూడ తెలిసినదే. గురజాల నలగామరాజు, మాచర్ల మలిదేవరాజు ఒకే తండ్రి బిడ్డలు. 12వ శతాబ్దిలో వారి కథలో నడుమ నిలిచినవాడు మాచర్ల చెన్నకేశవస్వామి భక్తుడైన బ్రహ్మనాయుడు. అన్ని కులములవారిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి చాపకూడు పెట్టిన మహనీయుడు. అయినను, వీరగాథ చెప్పునట్లు, నాయకురాలు నాగమ్మతో కోడిపందెమునకు రాజ్యమునే ఒడ్డుట కంగీకరించినవాడును ఆయనయే. పందెమోడి మలిదేవాదులు ఏడేండ్లు వలసపోయిరి. గడువు తీరినను రాజ్యము తిరిగి దక్కలేదు, కారంపూడి రణరంగమైనది. చాపకూటిలో అందరిని కలిపిన చేయియే పందెములో నార వెంబడి కొట్టినది. భక్తుని చరిత్ర యని ఈ భాగమును దాటవేయుట న్యాయము కాదు.

మరి నడుమకు వచ్చువాడు ఎట్లు మెలగవలెను? పాత మండువా యింటిలో చెదపట్టిన స్తంభమును మార్చునపుడు పనివారు దూలము క్రింద ఊతగుంజ నిలిపి, దాని అడుగున రెండు చీలలను ఎదురెదురుగా పేర్చి, ఒకమారు ఇటు, ఒకమారు అటు తట్టుదురు. దూలము వెంట్రుకవాసి చొప్పున లేచును. తొందరపడి ఒక్క పెద్దదెబ్బ వేసినచో గోడ బీటవారును. క్రొత్త స్తంభము బరువు నందుకొనువరకు చీలలు కదలవు. పిమ్మట, కోతివలె గాక, బిగించినంత మెల్లగనే వానిని సడలించి తీసి, సంచిలో వేసికొని పోవుదురు. ఇంటివారికి స్తంభమొక్కటే కనబడును.