నీచు

ముక్కుతో లోకాన్ని చదివే కుర్రవాడి కథ ఒకటుంది. జర్మన్ రచయిత పాట్రిక్ జూస్కిండ్ నవల ‘పెర్‌ఫ్యూమ్’. 1985లో వచ్చింది. అందులో గ్రెనూయ్ 1738లో పారిస్ చేపల బజారులో పుడతాడు. ఏ వాసననైనా ఇట్టే పసిగడతాడు. వాడి ఒంటికి మాత్రం ఏ వాసనా లేదు. పాలిచ్చే దాది కూడా ఈ బిడ్డ నాకొద్దంటుంది. పెద్దయ్యాక మనిషి వాసనను తయారుచేసి ఒంటికి పూసుకుంటాడు. అప్పుడుగానీ జనం వాణ్ణి మనిషిగా లెక్కపెట్టరు.

మాది తిరగేసిన కథ. వాసన లేదని కాదు, ఉందని మమ్మల్ని దూరం పెడతారు.

చోడవరం వాళ్లకి వాసనల గురించి ఒకరు చెప్పాలా? విశాఖ జిల్లాలో ఉన్నన్నాళ్లూ, 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్లాకా మాది చెరకు నేలే. పెనంలో రసం మరిగి, తెట్టు తీసి, పాకం చిక్కబడే వేళకి వచ్చే కమ్మదనం, పొయ్యిలో కాలే పిప్పి పొగ, గోవాడ చక్కెర మిల్లు ఆడే రోజుల్లో మొలాసిస్ వాసన. ఇవి విఘ్నేశ్వరుడి గుడికి వెళ్లేవాళ్లకీ, నమాజుకి వెళ్లేవాళ్లకీ ఒకేలా తగులుతాయి. కొత్తగా బస్సు దిగినవాడు ముక్కు ఎగరేస్తాడు. మాకు తెలియనే తెలియదు. ఎప్పుడూ ఉండే వాసనను ముక్కు కాసేపట్లో వదిలేస్తుంది. అది దాని స్వభావం.

మా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. తన వాసన తనకు తెలియనివాడు తనకసలు వాసనే లేదనుకుంటాడు. ఊళ్లో ఎక్కువమంది ఇళ్లలో ఉండే వాసనకు గాలి అని పేరు. తక్కువమంది ఇళ్లలో ఉండేదానికి కంపు అని పేరు. పాత కావ్యాల్లో కంపు అంటే పరిమళం కూడా. ఆ మాట ఎలా దిగజారిందో, మా ఇంటి వాసన కూడా అలాగే దిగజారింది. ఇక నీచు. ఆ మాట చెవినపడితే నీచం అన్నట్టే వినిపిస్తుంది. నెత్తళ్లు వేయించని వీధి మా వైపు ఎక్కడుంది? కోడిని కోయని పండగ ఎన్ని ఇళ్లలో ఉంది? మరి నీచు అన్న మాట వచ్చి వచ్చి మా గుమ్మం మీదే ఎందుకు వాలింది?

మా పిల్లలు పెరిగి పెద్దవాళ్లవడమంటే ఇదే. ఒక వయసు దాకా అమ్మీ కొంగులోని ఊదు పొగ, అబ్బా చొక్కాకి అంటిన అత్తరు, నేతిలో వేగే సేమ్యా, బక్రీద్ నాటి కూర, అన్నీ కలిసి ఒకటే వాసన. దాని పేరు ఇల్లు. ఒకరోజు బడిలో పక్క బెంచీ నుంచి ‘సాయిబుల వాసన’ అన్న మాట వస్తుంది. మర్నాటి నుంచి ఆ పిల్ల గడప దాటే ముందు తన చేతి మడత వాసన చూసుకుంటుంది. వాసన మారలేదు. పేరు మారింది. మాలో ఎవరైనా వాసనల మీద నవల రాస్తే, అది ముక్కు సిగ్గుపడటం నేర్చుకున్న కథ అవుతుంది.

ఏవగింపు మనిషి కావాలని తెచ్చుకునేది కాదు కదా అని లౌకిక మిత్రులు అడుగుతారు. ముక్కును తప్పుపట్టలేం, నిజమే. కానీ కూలివాళ్లు కంపు కొడతారని ఇంగ్లండులో మధ్యతరగతి పిల్లలకి చిన్నప్పుడే నూరిపోస్తారనీ, వర్గభేదం గుట్టు అక్కడే ఉందనీ జార్జ్ ఆర్వెల్ 1937లో రాశాడు. అంటే ఏవగింపు కూడా పాఠమే. నేర్చుకున్నదాన్ని మరవనూ వచ్చు. మా మీదికి రాకముందే ఈ పాఠం దళితుల మీద ఎన్నో తరాలుగా నడిచింది.

మా మతంలోనూ వాసన గురించి కట్టడి ఉంది. పచ్చి వెల్లుల్లి, ఉల్లి తిన్నవాళ్లు మసీదుకి దూరంగా ఉండాలని హదీసు. పక్కవాడికి ఇబ్బంది అని. తినడమే పాపమని మాత్రం అనలేదు. నోటి వాసన పోయాక వాడు మళ్లీ అదే వరసలో, భుజానికి భుజం కలిపి నిలబడతాడు. తేడా అంతా ఇక్కడే ఉంది. పోయే వాసన గురించి మాట్లాడటం మర్యాద. ఎన్ని స్నానాలు చేసినా పోని వాసనను మనిషికి అంటగట్టడం అంటరానితనం.

సింహాచలం అప్పన్నకి చందనం, విశాఖలో కొండమీది ఇసాక్ మదీనా దర్గాకి గంధం. రెండూ చూపించి సామరస్యం అంటారు. సంతోషమే. కానీ గంధం దగ్గర కలవడం సులువు. ఇల్లు అద్దెకు అడిగినప్పుడు కదా అసలు సంగతి! పేరు చెప్పేదాకా ఖాళీగా ఉన్న వాటా, పేరు వినగానే ‘నీచు వండకూడదండీ’ అంటుంది. ఇంకా పొయ్యి వెలగనే లేదు. ఆ ఇంటాయన ముక్కుకి తగిలింది ఏ వాసన?

మా వాసనను సహించమని మేము అడగడం లేదు. సహించడం పైమెట్టు మీద ఉన్నవాడి మాట. మీకూ ఒక వాసన ఉందని ఒప్పుకోండి, చాలు. ఆ తర్వాత ఎవరింటికి ఎవరు భోజనానికి రావాలో మాట్లాడుకుందాం.